గుడ్ల పెట్టల మేతలో ఆకు పిండి ఎంత వరకు కలపవచ్చు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 800 లేయర్లు (గుడ్ల కోళ్ళు), వయసు 32 వారాలు, మేత మీరే కలుపుకుంటున్నారు. సుబాబుల్, మునగ చెట్లు సొంతంగా ఉన్నాయి. సోయా చెక్క ఖర్చు భరించలేక దాన్ని 22 శాతం నుంచి 7 శాతానికి దించి, ఆ 15 శాతం ఆకు పిండితో నింపాలన్నది మీ ఆలోచన. దానికి మొదటి మెట్టుగా రెండు వారాల నుంచి 8 శాతం సుబాబుల్ పిండి వేస్తున్నారు. ఇప్పుడు తొట్టిలో మేత మిగిలిపోతోంది, గుడ్డు చిన్నదవుతోంది, రెట్ట పచ్చగా పడుతోంది. పచ్చసొన రంగు మాత్రం బాగా వచ్చింది. ఇంకా పెంచాలా, ఆపాలా అని అడిగారు.

ఆపేయండి. ఈ రోజు సాయంత్రం తొట్టెలు ఖాళీ చేసి, రేపు పొద్దున్నుంచి ఆకు పిండి లేని పాత మేతకు వెళ్ళిపోండి. మేత తినడం ముందు కోలుకుంటుంది, గుడ్డు సైజు ఆ తర్వాత వస్తుంది. పెట్టలు కుదురుకునే దాకా, కనీసం మూడు వారాల పాటు, ఏ కొత్త ప్రయోగమూ వద్దు. ఆకు పిండి చెడ్డదని కాదు ఈ మాట అంటున్నది. నేను ఏళ్ళ తరబడి వాడుతున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను. కానీ దాన్ని మీరు పెట్టిన చోటు తప్పు. ఆకు పిండి సోయా స్థానంలో కూర్చునే సరుకు కాదు. మేతలో దానికి సరైన చోటు తవుడు స్థానం. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

ఎండిన మంచి ఆకును ల్యాబ్‌కు పంపితే ప్రోటీన్ 22 నుంచి 28 శాతం దాకా చూపిస్తుంది. ఆ అంకె చూడగానే మనకు ఆశ పుడుతుంది. అయితే ల్యాబ్ వాళ్ళు కొలిచేది నత్రజని. దాన్ని 6.25తో హెచ్చవేసి ప్రోటీన్ అని రాస్తారు. ఆకులోని నత్రజని మొత్తం ప్రోటీన్ కాదు. ఉన్న ప్రోటీన్‌లోనూ కొంత భాగం పీచుకు, టానిన్లు అనే వగరు పదార్థాలకు అతుక్కుని ఉండి కోడి పేగులో విడిపోదు, రెట్టలో బయటికి పోతుంది. సోయా చెక్కలో ప్రోటీన్ 85 శాతానికి పైనే జీర్ణమవుతుంది. ఆకు పిండిలో 60 శాతం జీర్ణమైతే అది మంచి ఆకే అనుకోవాలి.

దీనికంటే పెద్ద సమస్య ఎనర్జీ. మొక్కజొన్న కిలోకు సుమారు 3350 కిలో కేలరీలు ఇస్తుంది. సోయా చెక్క 2250 దరిదాపుల్లో ఇస్తుంది. ఆకు పిండి ఆకును బట్టి మారుతుంది కానీ నేను 1200 అనే వేసుకుంటాను, అంతకు మించి ఆశపడను. మీ మేత ఇప్పుడు కిలోకు 2600 కిలో కేలరీలు, ప్రోటీన్ 16.5 శాతం ఉందనుకుందాం. 15 శాతం సోయా తీసి అంతే ఆకు పిండి వేస్తే ఎనర్జీ 2440కి, ప్రోటీన్ 13 శాతానికి జారిపోతాయి. రోజుకు 110 గ్రాములు తినే పెట్టకు ముందు దాదాపు 286 కిలో కేలరీలు అందేవి. ఈ కొత్త మేతలో అవే కేలరీలు అందాలంటే అది 117 గ్రాములు తినాలి. అంతా తిన్నదనే అనుకుందాం. ముందు రోజుకు 18 గ్రాముల ప్రోటీన్ తినేది, ఇప్పుడు 15 గ్రాములే. ఒక్క గుడ్డులోనే ఆరు గ్రాములకు పైగా ప్రోటీన్ బయటికి పోతుంది. దానికి తోడు రెక్కలు, ఒంటి నిర్వహణ ఉన్నాయి. రోజుకు మూడు గ్రాముల లోటును ఏ పెట్టా ఎక్కువ రోజులు తట్టుకోలేదు. పైగా ఈ లోటు జీర్ణం కాని భాగాన్ని లెక్కలోకి తీసుకోకముందే ఉంది.

నిజానికి అది 117 గ్రాములు తినదు కూడా. ఆకు పిండి తేలిక సరుకు. అదే బరువుకు మొక్కజొన్న నూక గిన్నెలో సగానికి వస్తే ఆకు పిండి గిన్నె అంచు దాటి పోతుంది. కోడి గొంతు సంచిలోనూ అంతే. సంచి నిండిపోతుంది, ఆకలి తీరినట్టుంటుంది, ఒంటికి చేరాల్సింది చేరదు. మీ తొట్టిలో మేత మిగలడానికి ఇది ఒక కారణం. రెండో కారణం సుబాబుల్ చేదు, దాని లోపలి విషం. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు తవుడు స్థానం సంగతి చూద్దాం. నూనె తీసిన తవుడులో ప్రోటీన్ 15 శాతం దగ్గర, ఎనర్జీ 1800 దగ్గర ఉంటుంది. పీచు దానిలోనూ ఎక్కువే. తవుడు తీసి ఆ చోట ఆకు పిండి వేస్తే ఎనర్జీలో నష్టం చిన్నది, ప్రోటీన్‌లో కాస్త లాభం. మీ మేతను నేనైతే ఇలా మారుస్తాను. మొక్కజొన్న 57 కిలోలు అలాగే ఉండాలి. సోయా చెక్క 22 కిలోలు అలాగే ఉండాలి. తవుడు 10 కిలోలు ఉన్నచోట 5.5 కిలోలకు దించి, 4 కిలోల ఆకు పిండి, అర కిలో వంట నూనె చేర్చండి. మిగతా 11 కిలోల్లో రాతి పొడి, గ్రిట్ (పెంకుకు క్యాల్షియం ఇచ్చే ముక్కలు), డీసీపీ (క్యాల్షియం, భాస్వరం ఇచ్చే పొడి), ఉప్పు, మిథియోనిన్ (గంధకం ఉన్న అమైనో ఆమ్లం), ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) ఎప్పటిలాగే. లెక్క వేస్తే ఎనర్జీ, ప్రోటీన్ రెండూ పాత చోటే నిలబడతాయి. పెట్టకు తేడా తెలియదు. పచ్చసొనకు తెలుస్తుంది.

మరి సోయా ఖర్చు ఏమైంది అంటారు. ఆకు పిండి తవుడు కంటే ఇచ్చే అదనపు ప్రోటీన్‌తో కాగితం మీద అర కిలో సోయా తగ్గించవచ్చు. జీర్ణమయ్యే భాగం లెక్క కట్టి చూస్తే అదీ తగ్గుతుంది. ఆ కాస్త కోసం నేను సోయాను కదపను. ఆకు పిండితో మీకు నిజంగా మిగిలేది వేరే చోట. పచ్చసొన రంగు కోసం కొనే పొడులు చాలావరకు ఆగుతాయి. తవుడు ఖర్చు కొంత తగ్గుతుంది. విటమిన్ ఎ, ఇ, కె కొంత చేరతాయి, అయినా ప్రీమిక్స్ మోతాదు మాత్రం తగ్గించకండి. ఆకులో ఎంత విటమిన్ నిలిచిందో బ్యాచ్‌కు బ్యాచ్‌కు మారిపోతుంది, దాన్ని నమ్ముకుని ప్రీమిక్స్ కోయడం ప్రమాదం.

క్యాల్షియం గురించీ ఇదే మాట. మునగ ఆకులో క్యాల్షియం బోలెడని అందరూ అంటారు. పొడిలో రెండు శాతం దగ్గర ఉంటుంది, నిజమే. కానీ మేతలో 4 శాతం ఆకు పిండి అంటే పెట్టకు రోజుకు నాలుగున్నర గ్రాములు, అందులో క్యాల్షియం 0.09 గ్రాము. ఒక్క గుడ్డు పెంకుకే రెండు గ్రాములకు పైగా క్యాల్షియం కావాలి. కాబట్టి గ్రిట్‌లో ఒక్క చిటికెడు కూడా తగ్గించవద్దు.

పచ్చసొన రంగు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఆకు పిండి అసలు గొప్పతనం అక్కడే ఉంది కాబట్టి. సొనకు పసుపు రంగునిచ్చేవి ల్యూటిన్, జియాజాంతిన్ అనే పదార్థాలు. కోడి వీటిని ఒంట్లో తయారు చేసుకోలేదు, మేతలో వస్తేనే సొనలోకి చేరతాయి. పసుపు మొక్కజొన్నలో కిలోకు 20 మిల్లీగ్రాముల దగ్గర ఉంటాయి. జాగ్రత్తగా ఎండబెట్టిన లూసర్న్ అనే పశుగ్రాసం పిండిలో 200 మిల్లీగ్రాముల పైనే ఉంటాయి, మంచి ఆకులన్నీ దాని వరసలోనివే. అంటే 4 శాతం ఆకు పిండి, 40 శాతం మొక్కజొన్న ఇచ్చేంత రంగు ఇస్తుంది. మొక్కజొన్న బదులు బియ్యపు నూకలు గానీ జొన్నలు గానీ ఎక్కువగా వాడి సొన తెల్లబోయిన వాళ్ళకు ఇది వరం. ఇంకో సంగతి, క్యారెట్ రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను కోడి విటమిన్ ఎగా మార్చేసుకుంటుంది, సొనకు దాని రంగు పెద్దగా రాదు. ఆకులో ల్యూటిన్ కొవ్వు ఆమ్లాలకు అతుక్కోకుండా విడిగా ఉంటుంది, అందుకే కోడి దాన్ని తేలిగ్గా తీసుకుంటుంది. మేతలో కాస్త నూనె ఉంటే ఇంకా బాగా తీసుకుంటుంది. పైన చెప్పిన అర కిలో నూనె కేలరీల కోసమే కాదు, ఇందుకు కూడా.

ఆకు పిండి మొదలుపెట్టిన ఐదో రోజు ఒక గుడ్డును గట్టిగా ఉడకబెట్టి, సొనను నిలువుగా రెండుగా కోసి చూడండి. నడుమ పాత పాలిపోయిన రంగు ఉంటుంది, అంచు చుట్టూ ముదురు పసుపు గీత కనిపిస్తుంది. సొన ఉల్లిపాయలా పొరలు పొరలుగా బయటి వైపుకు పెరుగుతుంది, ఒక సొన పూర్తిగా పెరగడానికి సుమారు పది రోజులు పడుతుంది. అందుకే రెండు మూడు రోజులకే తేడా కనబడినా, రంగు పూర్తిగా కుదురుకోవడానికి 10 నుంచి 12 రోజులు పడుతుంది. ఈ లోపలే తొందరపడి మోతాదు పెంచకండి. ఇంకో మాట. ఆకు ఇచ్చేది పసుపు మాత్రమే. ఒక స్థాయి దాటాక ఎంత ఆకు వేసినా సొన ఇంకా ముదరదు. కొనేవాళ్ళు నారింజ రంగు అడిగితే అది ఎర్ర మిరప రంగు లాంటి ఎర్ర పదార్థాలతోనే వస్తుంది. దాని కోసం ఆకు పిండి పెంచడం దండగ, గుడ్ల శాతం మీద దెబ్బ తప్ప లాభం లేదు.

ఇప్పుడు సుబాబుల్. ఆకులో ప్రోటీన్ బాగుంటుంది, రంగు ఇంకా బాగుంటుంది. కానీ దానిలో మైమోసిన్ అనే విష పదార్థం ఉంది. లేత ఆకులో, చిగురులో ఇది మరీ ఎక్కువ. దీనివల్ల కోడి మేత తగ్గిస్తుంది, బరువు తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి. ఇంకా గుడ్డుకు రాని పెట్టలకు వేస్తే అవి గుడ్డుకు రావడమే ఆలస్యమవుతుంది. మేకలు, పశువులు ఇదే ఆకును మేస్తాయి కదా అని చాలామంది అడుగుతారు. నెమరు వేసే జంతువుల కడుపులో సూక్ష్మజీవుల సాయం ఉంటుంది. అక్కడ కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. హవాయిలోని మేకలకు సుబాబుల్ హాని చేయకపోవడం గమనించి, వాటి కడుపులోని బాక్టీరియాను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించిన శాస్త్రవేత్త రేమండ్ జోన్స్. ఆ బాక్టీరియాకు సినర్జిస్టెస్ జోన్సీ అని ఆయన పేరే పెట్టారు. కోడికి అలాంటి కడుపు లేదు, విషం నేరుగా రక్తంలోకి పోతుంది.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. మొదట్లో ల్యాబ్ రిపోర్టులో 25 శాతం ప్రోటీన్ అని చూసి, సుబాబుల్ పిండి 12 శాతం వేశాను. మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం తొట్టి అడుగున పచ్చటి పొడి మిగలడం మొదలైంది, పొడి దులిపి పైన కొత్త మేత పోశాను. గుడ్ల లెక్క పుస్తకంలో మాత్రం తేడా లేదు, కాబట్టి ధైర్యంగా ఉన్నాను. మూడో వారం గుడ్లు ఒక్కసారిగా జారాయి. అప్పుడు భయపడి పెట్టలను తూకం వేస్తే, చేతికి రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. రెండు వారాలుగా ఆ పెట్టలు తమ ఒంటి మాంసం, కొవ్వు కరిగించి గుడ్డు పెడుతూ వచ్చాయి. గుడ్లు తగ్గకముందే బరువు తగ్గుతుంది. ఆ రోజు నుంచి నేను గుడ్ల పుస్తకాన్ని ఒక్కదాన్నే నమ్మడం మానేసి, ప్రతి వారం 20 పెట్టలను పట్టి తూకం వేస్తాను. మీరూ ఈ రోజే ఆ పని మొదలుపెట్టండి. గుడ్డు చిన్నదైందంటే మీ పెట్టలు కూడా ఇప్పటికే కొంత బరువు పోగొట్టుకుని ఉంటాయి.

సుబాబుల్‌ను ఎండబెడితే మైమోసిన్ కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆకును ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే చాలా భాగం నీటితో పోతుంది. అయితే కరిగే పోషకాలూ దానితో పోతాయి, తడిసిన ఆకును మళ్ళీ ఎండబెట్టడం పెద్ద చాకిరీ, ఆలస్యమైతే బూజు. నా లెక్కలో అంత కష్టం దండగ. ఎండబెట్టిన సుబాబుల్ 2 శాతం, మహా అయితే 3 శాతం. 5 శాతం దాటించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

మునగ ఈ ఆకులన్నిటిలో నెమ్మదైనది. ప్రోటీన్ 25 శాతం పైనే, టానిన్లు తక్కువ, మిథియోనిన్ మిగతా ఆకుల కంటే మెరుగు. 5 శాతం వరకు ధైర్యంగా వేయవచ్చు. 10 దాటితే మాత్రం గుడ్ల మీద ప్రభావం కనిపిస్తుంది. మీకు రెండు చెట్లూ ఉన్నాయి కాబట్టి 3 శాతం మునగ, 1 శాతం సుబాబుల్ కలిపి వాడండి. అదే నా సలహా.

ఇదే చదివే మిగతా వాళ్ళ కోసం రెండు మాటలు. కర్రపెండలం ఆకు వాడేవాళ్ళు దానిలోని సైనైడ్ సంగతి మరచిపోవద్దు. కోసిన ఆకును సన్నగా తరిగి, కొన్ని గంటలు వాడనిచ్చి, నెమ్మదిగా ఎండబెట్టాలి. తరిగినప్పుడే ఆకులోని ఎంజైమ్ పనిచేసి సైనైడ్‌ను గాలిలోకి వదిలేస్తుంది. త్వరగా అవ్వాలని వేడి యంత్రంలో పెడితే ఆ ఎంజైమ్ ముందే చచ్చిపోయి విషం లోపలే ఉండిపోతుంది. మిగిలిన కాస్త సైనైడ్‌ను వదిలించుకోవడానికి కోడికి గంధకం కావాలి, అది మిథియోనిన్ నుంచే తీసుకుంటుంది, కాబట్టి ఆ ఆకు వాడితే మిథియోనిన్ కొద్దిగా పెంచాలి. లూసర్న్‌లో సాపోనిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి, దాన్ని 5 శాతం లోపే వాడాలి. గ్లైరిసిడియా బూజు పడితే దానిలోని కూమరిన్ రక్తం గడ్డకట్టనివ్వని విషంగా మారుతుంది. ఆ చెట్టు పేరుకే లాటిన్‌లో ఎలుకలను చంపేదని అర్థం. నేను దాన్ని కోళ్ళకు వాడను. వేప ఆకు చేదుకు పెట్టలు మేతే మానేస్తాయి. కోసేటప్పుడు గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం లాంటి ఆకులు కలవకుండా కూలీలకు చూపించి మరీ చెప్పండి. ఎండి పొడి అయ్యాక ఏ ఆకు ఏదో ఎవరూ పోల్చలేరు. పురుగుమందు కొట్టిన తోట పక్క ఆకు కూడా వద్దు, ఆ మందు నేరుగా గుడ్డులోకి వస్తుంది.

ఆకు పిండి మంచిదో చెడ్డదో తేలేది చెట్టు దగ్గర కాదు, ఎండబెట్టే చోట. పచ్చి ఆకులో 75 నుంచి 80 శాతం నీళ్ళే. కాడలు తీసేసిన వంద కిలోల పచ్చి ఆకుకు 20, 22 కిలోల పొడి వస్తుంది. మీ 800 పెట్టలు రోజుకు 88 కిలోల మేత తింటాయి, అందులో 4 శాతం అంటే మూడున్నర కిలోలు, నెలకు 105 కిలోల పిండి. దీనికి నెలకు దాదాపు ఐదు క్వింటాళ్ళ పచ్చి ఆకు కావాలి. మీ చెట్లు అంత ఇస్తాయా, కోసేవాళ్ళు ఉన్నారా అని ముందే లెక్క చూసుకోండి. ఒక నెల వేసి, ఇంకో నెల ఆకు లేక ఆపేస్తే సొన రంగు ఊగిసలాడుతుంది, కొనేవాళ్ళకు అదే మొదట కనిపిస్తుంది. సరిపోకపోతే 4 బదులు 2 శాతంతో ఏడాది పొడుగునా వేయడం మేలు.

పొద్దున మంచు తడి ఆరాక కోయండి. పూత రాకముందు కొమ్మలు మంచివి, పూత తర్వాత పీచు పెరుగుతుంది. నీడలో, గాలి బాగా ఆడే చోట, టార్పాలిన్ మీదనో, వెదురు తడక మీదనో రెండు మూడు అంగుళాల మందంగా పరచండి. తడక అయితే కింది నుంచి కూడా గాలి తగులుతుంది. గంట రెండు గంటలకోసారి తిరగవేయాలి. మొదటి రోజు ఈ పని బద్ధకిస్తే కింది పొర వేడెక్కి నల్లబడుతుంది. నల్లబడిన ఆకు పారేయాల్సిందే, కలిపేయకండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో రోజంతా ఉంచితే త్వరగా ఎండుతుంది కానీ రంగు సగానికి సగం పోతుంది. ఆకు పచ్చగా ఎండాలి, గోధుమ రంగుకు తిరిగిందంటే మీరు ఎండబెట్టింది పీచునే. సుబాబుల్, మునగ రెండిటికీ ఒక సుగుణం ఉంది. ఎండిన కొమ్మను పట్టి విదిలిస్తే చిన్న ఆకులన్నీ రాలిపోయి కాడలు చేతిలో మిగులుతాయి. ఆ కాడలను మరకు పంపవద్దు. కాడ కలిస్తే పిండిలో పీచు పెరిగి, ఇంత కష్టమూ తవుడు పొట్టుతో సమానమవుతుంది.

ఎండిందా లేదా అనేది పిడికిట్లో నలిపితే తెలుస్తుంది. గలగలమని పొడి కావాలి, మెత్తగా ముడుచుకుంటే ఇంకా తేమ ఉన్నట్టే. అనుమానం ఉంటే పొడిబారిన ఉప్పు రెండు చెంచాలు, ఆకు ఒక గుప్పెడు గాజు సీసాలో వేసి మూత పెట్టి బాగా ఊపి, పది నిమిషాలు వదిలేయండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ ఎక్కువ. తేమ 10, 12 శాతం లోపు ఉండాలి.

సంచికి ఎత్తిన వారం రోజులకు తప్పకుండా ఒక పని చేయండి. సంచి మూతి విప్పి చేతిని మోచేయి దాకా లోపలికి దించండి. నాకు ఒకసారి పైన చల్లగా, పొడిగా ఉన్న సంచిలో అడుగుకు వెళ్ళేసరికి గోరువెచ్చగా తగిలింది, వేళ్ళు బయటికి తీస్తే పాత గోడ వాసన. విప్పి పోస్తే నడుమ తెల్లటి దారాలు అల్లుకుని ఉన్నాయి. ఆ సంచి మొత్తం పూడ్చేశాను. పైన బాగున్నంత వరకు వాడదాం అనుకోవద్దు, బూజు కనబడని చోట కూడా దాని విషం ఉంటుంది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పెట్ట కాలేయమే సొన తయారీకి మూలం. సంచులను చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంలో, వెలుతురు తగలని చోట పెట్టండి. వెలుతురు, వేడి, గాలి మూడూ రంగును తినేస్తాయి, కాబట్టి రెండు నెలలకు మించి నిల్వ వద్దు. ఆకుగానే దాచుకుని, వారానికి సరిపడా మాత్రం పిండి కొట్టించుకుంటే ఇంకా మంచిది.

బయట పిండి కొనేవాళ్ళు గ్లాసు నీళ్ళలో ఒక చెంచా పిండి వేసి కలిపి చూడాలి. ఆకు తేలుతుంది, ఇసుక అడుగున కూర్చుంటుంది. గ్లాసు అడుగున బూడిద రంగు పొర కనబడితే ఆ సరుకు తిప్పి పంపండి.

పిండి మరీ మెత్తగా వద్దు. 2, 3 మిల్లీమీటర్ల జల్లెడ చాలు. కాటుకలా మెత్తగా చేస్తే ముక్కుకు అతుక్కుంటుంది, నీళ్ళు తాగేటప్పుడు తొట్టిలో పచ్చటి బురద కడుతుంది, షెడ్డంతా దుమ్ము. కలిపేటప్పుడు మొక్కజొన్న నూక మీద ముందు నూనె చిలకరించండి. 4 కిలోల ఆకు పిండిని 5.5 కిలోల తవుడుతో విడిగా కలిపి, ఆ మిశ్రమాన్ని నూనె పట్టిన నూకలో వేయండి. నేరుగా మిక్సర్‌లో పోస్తే తేలిక పిండి పైకి తేలి ఒక తొట్టిలో ఎక్కువ, ఇంకో తొట్టిలో తక్కువ పడుతుంది.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు 800కీ ఒకేసారి వద్దు. 32 వారాలంటే పెట్టలు మంచి గుడ్ల మీద ఉన్న సమయం, ఇప్పుడు జారితే మళ్ళీ అదే ఎత్తుకు తీసుకురావడం కష్టం. షెడ్డులో ఒక వరస, సుమారు 200 పెట్టలను ఎంచుకోండి. మొదటి వారం 1 శాతం, రెండో వారం 2, మూడో వారం 3, ఆ తర్వాత 4. మిగతా 600 పాత మేతే తింటాయి. రెండు వరసలకూ విడివిడిగా రోజూ మేత మిగులు, గుడ్ల లెక్క రాయండి. వారానికోసారి 30 గుడ్ల తూకం, 20 పెట్టల తూకం. ఆకు వరసలో పెట్టల బరువు రెండు వారాలు వరసగా తగ్గితే గుడ్లు ఎంత బాగున్నా ఒక మెట్టు కిందికి దిగండి. ఎనిమిది వారాలు నిండని పిల్లలకు అసలు వేయకండి, వాటి పొట్టకు పీచు తట్టుకునే శక్తి ఉండదు.

పచ్చ రెట్ట గురించి భయపడ్డారు. ఆకు పిండి తిన్న కోడి రెట్ట కొంత పచ్చగా పడటం మామూలే. దాన్ని తేలిగ్గా తీసుకోవాలంటే రెండు షరతులు. మేత మామూలుగా తింటూ ఉండాలి, రెట్ట గట్టిగా ఉండాలి. మేత మానేసి, ముద్దగా కూర్చుని, పల్చటి ముదురు ఆకుపచ్చ రెట్ట వేస్తుంటే అది ఆకు వల్ల కాదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పిత్తం ఒక్కటే దిగి అలా పడుతుంది, రాణిఖేత్ లాంటి జబ్బుల్లోనూ అలాగే ఉంటుంది. మీ పెట్టలు మేత తగ్గించాయి కాబట్టి, ఆకు ఆపిన నాలుగైదు రోజులకు కూడా రెట్ట రంగు మారకపోతే పశువైద్యుడికి చూపించండి. ఆకు మీద నెపం వేసి రోజులు గడపవద్దు.

చివరగా, ఎండబెట్టే శ్రమ లేకుండా పచ్చి మునగ కొమ్మలు కట్టలు కట్టి షెడ్డులో వేలాడదీయవచ్చా అని అడిగారు. వేలాడదీయండి, కోళ్ళకు అది చాలా ఇష్టం. పొడుచుకుంటూ పని దొరికి ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా తగ్గుతుంది. పచ్చి ఆకులో నీళ్ళే ఎక్కువ కాబట్టి పెట్టకు 15, 20 గ్రాములు తిన్నా పొడి లెక్కలో నాలుగు గ్రాములే. అదే సరిపోతుంది. మధ్యాహ్నం తర్వాత, పొద్దుటి మేత తినేశాక కట్టండి, లేకపోతే ఆకుతో సంచి నింపుకుని మేత వదిలేస్తాయి. సాయంత్రానికి మిగిలిన కొమ్మలు తీసేయండి. తక్కువ పెట్టలున్న వాళ్ళకు పిండి కంటే నేను ఇదే చెబుతాను. పచ్చి సుబాబుల్ మాత్రం కట్టవద్దు, అవి చిగురే ముందు ఏరుకుని తింటాయి.